అత్త గోడమంచం

మార్టూరులో మా మేనత్త పోయిందని పోయిన వారం పొద్దున్నే పాస్టరుగారు ఫోన్ చేశారు. "మీ మేనత్తను ప్రభువు పిలుచుకున్నాడమ్మా" అన్నారు. ఆ మాటకు నాకు ఓదార్పు రాలేదు, కోపం వచ్చింది. ఇంకొన్నాళ్లు ఉండనిస్తే ఆయనకేం పోయింది?

అత్తది ఒకే గది ఇల్లు. గ్రానైటు పాలిషింగు పనికి వెళ్లే మామయ్య బతికుండగా గోడకు మంచం చేయించాడు. గోడవైపు మడతబందులు, ఇవతల గొలుసులు. పడుకునేటప్పుడు దించుకోవాలి, లేవగానే గోడకు ఎత్తి గడియ పెట్టాలి. అలా ఎత్తితేనే శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ల ప్రార్థన కూడికకు చోటుండేది. ఆ కూడికంటే అత్తకు ప్రాణం.

నేను ఇంటర్ చదివింది అత్త దగ్గరే. నన్ను మంచం మీద పడుకోబెట్టి తను కింద పడుకునేది. అంత ప్రేమా పొద్దున్నే ఏమయ్యేదో, నేను లేవకముందే గొలుసు కదిలించేది.

"లేవ్వే! పగలు మంచం వాలిందంటే ఇంట్లో రోగమున్నట్టు."

"నన్నూ కలిపి ఎత్తెయ్ అత్తా."

నవ్వుతూనే దుప్పటి లాగేసేది.

పోయిన ఏడాది అత్తకు ఆయాసం పట్టుకుంది. మంచం రాత్రీ పగలూ వాలే ఉండిపోయింది. కూర్చునే చోటు లేక కూడిక ఎదురింటికి మారింది. అందులో ఎవరి తప్పూ లేదు. అక్కడి పాట వినిపించినప్పుడల్లా అత్త గోడవైపు తిరిగి పడుకునేది.

"నా మంచమే వాళ్లని బయటికి గెంటిందే" అంది ఒకసారి, నేను చూడ్డానికి వెళ్లినప్పుడు.

"నువ్వు లేచాక మళ్లీ ఇక్కడే పెట్టుకుందాంలే."

"ఈలోపు వాళ్లకి అక్కడే అలవాటైపోద్దేమోనే."

ఒక శుక్రవారం పట్టుబట్టి కుర్చీలో కూర్చుని, మంచం ఎత్తించి, అందరినీ పిలిపించింది. మొదటి పాట సగమైనా కాకముందే దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆ ఆడవాళ్లే మంచం దించి, ఆమెను పడుకోబెట్టి వెళ్లిపోయారు. తరవాత అత్త మళ్లీ అడగలేదు.

చివరికి ఆమె శవపెట్టె ఉంచడానికి మంచం ఎత్తారు. సమాధుల తోట నుంచి వచ్చాక దాన్ని దించడానికి మాకెవరికీ చేతులు రాలేదు.

మొన్న శుక్రవారం కూడిక అత్త గదిలోనే పెట్టారు. మంచం దిగేంత మేర నేల మీద మాత్రం ఒక్కరూ కూర్చోలేదు. మిగతా గోడల వెంట ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు వీధిలోనే నిలబడ్డారు.

"లోపలికి రండమ్మా, చోటుంది" అని పిలిచాను.

ఎవరూ కదల్లేదు. నేనూ అక్కడ కాలు పెట్టలేకపోయాను.