ఎనభై నాలుగు మందికి నాలుగు వందల ఇరవై ముద్దలు

పోయిన గురువారం మా ఫ్యాక్టరీలో ఏమైందో చెబితే మీరు నన్ను మళ్ళా భోజనానికి పిలవరు. క్యాంటీన్‌కు వచ్చేది ఎనభై నాలుగు మంది. ఆరోజు తయారైన రాగి సంగటి ముద్దలు నాలుగు వందల ఇరవై! వండింది మునియప్పన్న. వండించింది నేను. ఉద్యోగం ఇంకా ఉందా అంటారా? ఉంది. అది నా తెలివి వల్ల కాదు, మునియప్పన్న పుణ్యం వల్ల. అందుకే ఈ టీ ఆయన పేరు మీద తాగుదాం.

మొదటినుంచి చెబుతాను. మాది కెలమంగలం అని మీకు తెలుసు కదా. ఇంట్లో పట్టుపురుగుల పెంపకం. పట్టుగూళ్ళు లెక్కబెట్టి లెక్కబెట్టి నాకు చిన్నప్పుడే లెక్కలంటే భయం పోయింది. కృష్ణగిరిలో బీఎస్సీ చదివి, హోసూరులో ఈ ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరినాను. పేరుకు కంప్యూటర్ సెక్షన్. చేసేది పొద్దంతా టైపింగ్! నేనేమో ఊరికే ఉండే రకం కాదు. బీరువా కింద సీ భాషలో యునిక్స్ ప్రోగ్రాములు రాసే మాన్యువల్ జెరాక్స్ కట్ట ఒకటి దొరికితే, బస్సులో పోతూ వస్తూ మొత్తం చదివేసినాను. మొత్తం అంటే దాదాపు మొత్తం. కష్టంగా ఉన్న పేజీలకు మూల మడిచి, తర్వాత చూద్దామని వదిలేసినాను. ఈ మడిచిన మూల సంగతి గుర్తు పెట్టుకోండి.

రెండు నెలల కింద మాకు యునిక్స్ మెషిన్లు రెండు వచ్చినాయి. ఒకటి గేటు పక్కన టైం ఆఫీసులో, ఇంకొకటి వెనక స్టోర్స్‌లో. మధ్యలో కేబుల్. ఈ మెషిన్‌లో నడిచే ప్రోగ్రాం ఆ మెషిన్‌లో ఒక పని చేసిపెట్టే ముక్కను, అంటే ఫంక్షన్‌ను, తన పక్కనే ఉన్నట్టు పిలిచి పని చేయించుకోవచ్చు. రిమోట్ ప్రొసీజర్ కాల్ అంటారు. పిలిచేది క్లయింట్. పని చేసి జవాబు చెప్పేది సర్వర్. ఆ సర్వర్ నేను రాస్తాను సార్ అని మేనేజర్ సార్ వెంట పడినాను. ఆయనది సేలం. మంచి మనిషే, నమ్మడం మాత్రం తక్కువ.

"స్టోర్స్ సరుకు నీ చేతికి ఇప్పుడే ఇయ్యనమ్మా," అన్నాడు. "ముందు క్యాంటీన్ మీద ట్రయల్ చెయ్యి. తప్పు జరిగినా పోయేది సంగటే కదా. బాగా నడిస్తే, శనివారం నీ ట్రైనింగ్ అయిపోతానే ప్రోగ్రామర్ సీటు. నడవకపోతే టైపింగే."

పని చాలా చిన్నది. పొద్దున ఎనిమిదిన్నరకు టైం ఆఫీసు గుమాస్తా నంజప్ప ఆరోజు ఎంతమంది అని టైపు చేస్తాడు. స్టోర్స్‌లో ఉండే నా సర్వర్ ఆ సంఖ్యను ఆ రోజు మొత్తానికి కలిపి, వంటింటి కిటికీ పక్కన పెట్టబోయే ప్రింటర్‌లో చీటీ కొట్టి, "సరే" అని జవాబు పంపాలి. ప్రింటర్ ఇంకా రాలేదు కాబట్టి చీటీని ఫైల్‌లోకి రాసి టెస్ట్ చేసినాను. కన్ను మూసి తెరిచేలోపల జవాబు! ఇంత బాగా నడుస్తోంది కదా అని చీటీకి అలంకారం మొదలుపెట్టినాను. చుట్టూ స్టార్లతో బార్డర్. పైన ఫ్యాక్టరీ పేరు, అరచేయంత అక్షరాల్లో. కింద మళ్ళా స్టార్లు. పెళ్ళి కార్డు కూడా అంత బాగుండదు.

బుధవారం ప్రింటర్ వచ్చింది. దాంట్లో టెస్ట్ చెయ్యకుండానే మునియప్పన్నకు పాఠం చెప్పినాను. ఆయన ఇరవై ఏళ్ళుగా వంట చేస్తున్న మనిషి. నాకు ఇరవై రెండేళ్ళు.

"రేపటినుంచి నువ్వు తలలు లెక్కబెట్టే పని లేదన్నా. కాగితంలో ఎంతుంటే అంత చెయ్యి. మెషిన్ తప్పు చెప్పదు."

"సరే తల్లీ," అన్నాడు పాపం.

గురువారం పొద్దున నంజప్ప ఎనభై నాలుగు అని కొట్టినాడు. నేను వెనక నిలబడినాను. స్క్రీన్ కదల్లేదు. అయిదు సెకన్లు... పది... ఇరవై... ఇరవై రెండో సెకనుకు "సరే" అని వచ్చింది. చప్పట్లు కొట్టినాను!

నంజప్ప నా పక్క చూసి, "ఏమ్మా, ఆ కిటికీ దగ్గరికి నేను నడిచిపోయి చెప్పినా ఇంతే సేపు కదా?" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

రెండు నిమిషాలకు ఇంటర్‌కం మోగింది. మునియప్పన్న.

"అమ్మా సరోజమ్మా, కాగితం వచ్చింది. ఇందులో ఉండేదంతా చెయ్యల్నా?"

"అంతా చెయ్యన్నా."

"నిజంగానా? బయటోళ్ళు ఎవరన్నా వస్తా ఉండారా?"

"అన్నా! నిన్న ఏం చెప్పినాను? మెషిన్ తప్పు చెప్పదు!"

"సరేలేమ్మా, నీ ఇష్టం," అని పెట్టేసినాడు.

ఎంత వచ్చిందన్నా అని ఒక్క మాట అడిగుంటే! అడగలేదు. పన్నెండు గంటలకు, పొగడ్తలు వినడానికి క్యాంటీన్‌కు పోయినాను.

పళ్ళేల మీద సంగటి, బల్లల మీద సంగటి, కడిగి ఆరబెట్టిన తలుపు రెక్క మీద సంగటి. మునియప్పన్న చొక్కా పిండితే బకెట్ నిండేటట్టుంది. ఆయన భార్య లచ్చుమమ్మ మూలన కూర్చుని రెండు చేతులకూ ఆముదం రాసుకుంటోంది. గోడ మేకుకు నా స్టార్ల చీటీలు అయిదు గుచ్చి ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో ఎనభై నాలుగు. చివరిదాంట్లో మొత్తం నాలుగు వందల ఇరవై.

అయిదు అంకె చూడగానే నాకు మడిచిన మూల గుర్తొచ్చింది. సంచిలోనుంచి కట్ట తీసి ఆ పేజీ తెరిచినాను. అందులో ఏముందంటే, క్లయింట్ అయిదు సెకన్లు చూస్తుంది. జవాబు రాకపోతే తన మాట దారిలో పోయిందేమో అనుకుని మళ్ళా పంపుతుంది. నా అలంకారం ప్రింట్ కావడానికి ఇరవై రెండు సెకన్లు. అంతలోపల అదే మాట అయిదు సార్లు పోయింది. నా సర్వర్ ఎంత బుద్ధిమంతురాలంటే, వరుసలో నిలబెట్టుకుని ఒకటి తర్వాత ఒకటి అయిదూ చేసి పెట్టింది! జవాబు అందిన గేటు దగ్గర నేను చప్పట్లు కొడుతుంటే, ఈడ ఇంకా నాలుగు చీటీలు కొడుతూనే ఉంది.

అప్పుడే మేనేజర్ సార్ లోపలికి వచ్చినాడు. "ఎన్నమ్మా ఇదు?" అన్నాడు, ఏందమ్మా ఇది అని.

నేను నోరు తెరిచేలోపల మునియప్పన్న ముందుకొచ్చినాడు. "తప్పు నాదే సార్. కొత్త కాగితం, చదివేది అలవాటు కాలేదు."

"లేదు సార్, ఆయన చదివింది సరిగ్గానే ఉంది. తప్పు నాది," అని అయిదు సార్ల కథ మొత్తం చెప్పేసినాను.

సార్ చీటీ చేతిలోకి తీసుకున్నాడు. "నాలుగు వందల ఇరవై! మోసానికి పెట్టే సెక్షన్ నెంబరే దొరికిందా నీకు?" గడియారం చూసినాడు. "ఒకటిన్నరకు వస్తా. ఒక్క ముద్ద పారేసినా సోమవారం నుంచి టైపింగ్."

మూడు వందల ముప్పై ఆరు ఎక్కువ. గంటన్నర టైము. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్చేది తర్వాత, ముందు ఫోన్ యాడుందో చూపించు," అన్నాడు మునియప్పన్న. స్టోర్స్ ఫోన్ దగ్గర కూర్చున్నాడు. నా చీటీలు తిప్పి, వెనకపక్క ఒకటి, రెండు, మూడు అని నెంబర్లు వేసుకున్నాడు. చుట్టుపక్కల క్యాంటీన్లలో వంటోళ్ళంతా ఆయనకు తెలిసినవాళ్ళే. ఒకటో చీటీ, పక్క ఫ్యాక్టరీ: నూట ఇరవై. "పొయ్యి ఆర్పెయ్యప్పా, నేను పంపుతా. నీ పిండి రేపు నాకియ్యి." మిగిలింది రెండు వందల పదహారు. రెండో చీటీ, నూలు మిల్లు. నూరు అని చెబుతుండగానే లైన్ తెగిపోయింది. మళ్ళా తిప్పినాడు.

"నేనే, మునియప్పని. ఇది రెండో చీటీ మాటే, కొత్తది కాదు. ఇందాక నూరు అన్నది వినిందా? వినుంటే మళ్ళా రాసుకోవద్దు. అప్పుడేమన్నావో అదే ఇంకోసారి చెప్పు."

మళ్ళా తెగింది. మళ్ళా తిప్పినాడు. మళ్ళా అదే, "రెండో చీటీ మాటే."

"ప్రతిసారీ ఆ నెంబరు ఎందుకన్నా?" అన్నాను.

ఆయన నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసినాడు. "లైన్ తెగితే నా మాట ఆడికి చేరలేదా, వాని జవాబు ఈడికి రాలేదా, నాకెట్ల తెలుస్తుందమ్మా? నెంబరు చెప్పకుంటే వాడు నూరు, నూరు, నూరు అని మున్నూరు మందికి ఆకులేసి కూర్చుంటాడు!"

నేను గోడకు ఆనుకుని అట్లే నిలబడిపోయినాను. మడిచిన పేజీలో ఉండాల్సింది ఇదే!

నూరూ పోయినాయి. మిగిలింది నూట పదహారు. హైవే పక్కన రోడ్డు పని చేసేవాళ్ళకు తోపుడుబండిలో డెబ్బై. మిగిలింది నలభై ఆరు. వాటిని మనవాళ్ళకే వడ్డించినాడు. "రెండో ముద్ద తినకుండా లేచినోనికి రేపు పులుసులో అనపగింజ కనపడదు!" అని గరిటె ఎత్తి బెదిరించినాడు. నవ్వుతూ తిన్నారు మహానుభావులు. నేనూ మూడు తిన్నాను.

ఒంటిగంటా ఇరవై ఎనిమిది. పళ్ళెంలో ఒకటి మిగిలింది. ఒక్కటే. మెట్ల మీద సార్ బూట్ల చప్పుడు. అందరూ నా పక్క చూసినారు. సంగటి నమలకూడదు, మింగాలంటారు. ఆరోజు నాకు ఆ రెండూ కుదరలేదు.

"ఏమైనా మిగిలిందా?" అన్నాడు సార్.

బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి. తల మాత్రం అడ్డంగా ఊపినాను.

ఆయన నా ముఖం, ఖాళీ పళ్ళెం రెండూ చూసి, నవ్వు ఆపుకుని, "రేపు ఇంకొక్క ఛాన్స్," అని వెళ్ళిపోయినాడు.

సాయంత్రం కూర్చుని సర్వర్ సరిచేసినాను. ప్రతి పిలుపుకూ ఒక నెంబరు. మళ్ళా పంపినా అదే నెంబరు. సర్వర్ ఆ నెంబరునూ, చెప్పిన జవాబునూ, పని ముగిసినా చెరిగిపోని స్టాటిక్ వేరియబుల్‌లో దాచుకుంటుంది. అదే నెంబరు మళ్ళా వస్తే పని చెయ్యదు, పాత జవాబే ఇస్తుంది. అది చూసే ఫంక్షన్‌కు మునియప్ప అని పేరు పెట్టినాను. స్టార్ల బార్డర్ మాత్రం తియ్యలేదు. ఆలస్యం లేకపోతే పరీక్ష ఎట్లవుతుంది?

శుక్రవారం నంజప్ప ఎనభై నాలుగు కొట్టినాడు. ఇరవై రెండు సెకన్లు. "సరే." ఈసారి చప్పట్లు లేవు. ఇంటర్‌కం మోగింది.

"అమ్మా, కాగితం ఒకటే వచ్చింది. ఎనభై నాలుగు. చెయ్యల్నా?"

"ఎనభై నాలుగే చెయ్యన్నా."

మళ్ళా మోగింది. "అమ్మా, ఇది ఇందాకటి చీటీ మాటే. ఎన్ని?"

"ఎనభై నాలుగే."

మూడోసారి, నాలుగోసారి, అయిదోసారి కూడా మోగింది. అయిదోసారి వెనక లచ్చుమమ్మ నవ్వు వినిపించింది. "అయిదు సార్లు అడిగినా పెరగలేదు తల్లీ. నువ్వు పాసు!"

శనివారం సీటు ఇచ్చింది మేనేజర్ సారే. పరీక్ష పెట్టింది మాత్రం మునియప్పన్న.

ఏంది, ఈడ కూడా సంగటేనా? వద్దమ్మా. ఎన్నిసార్లు అడిగినా నా పాత జవాబే వస్తుంది.