ఒక్కడే ఆడే పత్తాలు

పని నుంచి గదికి వచ్చాక నేను చేసే పనులకు ఒక వరుస ఉండేది. బూట్లు గడప బయట విడవాలి. చొక్కా దులిపి దండెం మీద వేయాలి. చెవుల్లో, మెడ మీద దుమ్ము పోయేదాకా స్నానం చేయాలి. స్టవ్ మీద టీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేయాలి. నా పాత కంప్యూటర్ మేలుకోవడానికి సరిగ్గా టీ మరిగేంతసేపు పట్టేది కాబట్టి రెండూ ఒకేసారి సిద్ధమయ్యేవి. ఆ తర్వాత ఓ గంటసేపు నాతో ఎవరికీ పని పడకూడదని కోరుకునేవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా అయ్యాక, గద్వాల దగ్గర కాలువ పని పట్టిన ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. కాలువ అడుగు ఎక్కడ ఎంత లోతు ఉండాలో చూడటం నా పని. ముక్కాలి పీట మీద లెవెల్ యంత్రం పెట్టి, దూరంగా పట్టుకున్న కొలకర్ర మీద అంకె చదవాలి. అది కష్టం కాదు. మట్టి తవ్వే ప్రొక్లెయిన్ల మోత కూడా వారం రోజుల్లో అలవాటైంది. అలవాటు కానిది ఒక్కటే. కాలువ గీత ఎవరి చేను మీదుగా పోతుందో ఆ మనుషులు రోజూ నా దగ్గరికే వచ్చేవారు. గీతను జర అవతలికి జరపమని అడిగేవారు. వాళ్ల బాధ నిజం. జరపడం నా చేతిలో లేకపోవడమూ నిజం. యంత్రం పక్కన నిలబడిన వాణ్ణి నేనే కనుక, గీత గీసింది నేనేనని వాళ్లు అనుకునేవారు. సాయంత్రానికి నా గొంతులో ఒకే మాట మిగిలేది, "నాతోని కాదు" అని.

అందుకే ఆ గంట. కంప్యూటర్‌ను నిజానికి డ్రాయింగులు నేర్చుకోవడానికి కొన్నాను. అందులో ముందే ఉన్న ఆటలన్నీ ఒక్కొక్కటిగా ఆడి చూశాను. గళ్ల కింద బాంబులు దాక్కున్న ఆట నచ్చలేదు. తప్పు గడి నొక్కితే అంతా పేలిపోతుంది. ఆ భయం పగలంతా ఉన్నదే. పైనుంచి దిమ్మెలు పడే ఆట రానురాను వేగం పెంచి మనిషిని తరుముతుంది. చివరికి పేకముక్కల ఆట దగ్గర ఆగాను. మా వైపు వాటిని పత్తాలంటారు. తెర మీద ఏడు వరుసల్లో ముక్కలు పరుచుకుంటాయి. ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు, పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ పోయి, చివరికి ఇస్పేటు, ఆటీను మొదలైన నాలుగు రంగులనూ ఎక్కా నుంచి రాజు దాకా విడివిడిగా సర్దాలి. తొందరపెట్టేవాడు లేడు. కలిసిపోయి ఉన్నవి మెల్లగా సర్దుకుంటుంటే, నా లోపల కూడా ఏదో సర్దుకునేది. ఇంకొకటి కూడా నాకు నచ్చేది. కొన్ని పంపకాలు ఎంత బాగా ఆడినా గెలవలేం. ఓడినప్పుడు ప్రతిసారీ తప్పు నాదే కానక్కర్లేదు.

గది ఒక నేత మనిషి ఇంటి వెనకభాగం. ముందు గదిలో గుంట మగ్గం. పొద్దుగూకేదాకా ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని చీర నేసేవాడు. వెలుతురు తగ్గగానే మగ్గం చప్పుడు ఆగిపోయేది, ఆయన నడుం పట్టుకుంటూ నా గది గుమ్మంలోకి వచ్చేవాడు. నేను ఆయన్ను కాకా అని పిలిచేవాణ్ణి.

మొదటిసారి తెర చూసినప్పుడు అడిగాడు. "గిది ఎవలతోని ఆడ్తున్నవు సారూ?"

"ఎవ్వలు లేరు కాకా. ఒక్కన్నే."

"మరి మోసం జేస్తే ఎవలు పట్టుకుంటరు?"

"మోసం జేయనియ్యది."

"అయితే గిదేం ఆట," అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వారం తిరిగేసరికి, ఆ నల్ల తొమ్మిదిని అవతలికి తియ్యమని, రాజును ఖాళీ వరుసలో పెట్టమని వెనక నుంచి సలహాలు మొదలుపెట్టాడు. చాలాసార్లు ఆయన చెప్పిందే సరిగ్గా ఉండేది. ఒక్కడు ఆడే ఆటను ఒక్కడినే ఆడుకోవడం గద్వాలలో కుదరదని అర్థమైంది.

ఆ చలికాలంలో నాకొక సంబంధం వచ్చింది. వీపనగండ్ల దగ్గరి పల్లె. అమ్మాయి డిగ్రీ చదివి, ఊళ్లోని ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. ఫొటో చూశాను. ఫొటో కోసం నిలబడినట్టు కాకుండా, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు ఉంది. నాకు నచ్చింది. మా అమ్మకూ నచ్చింది.

మాట ముందుకు పోయేముందు పిల్లవైపు వాళ్లు అర్సుకోవడం మా దగ్గర ఆనవాయితీ. పిల్లగానికి చెప్పకుండా వచ్చి, వాడు పనిచేసేచోట, టీ కొట్టులో, అద్దెకున్న ఇంట్లో వాడి నడత గురించి అడుగుతారు. అడిగినప్పుడు అబద్ధం చెబితే ఆ ఆడపిల్ల ఉసురు తగులుతుందని అందరి నమ్మకం. అమ్మాయి మేనమామ వచ్చి పోయిన సంగతి నాకు తెలియదు. కొన్నాళ్లకు కాకా ఇంట్లో ఉన్న ల్యాండ్‌లైన్‌కు నాగర్‌కర్నూల్ నుంచి మా అమ్మ ఫోన్ చేసింది.

"పత్తాలు ఆడ్తున్నవంట గదరా."

కంప్యూటర్‌లో అని చెప్పాను. ఎక్కడ ఆడితే ఏందని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. అమ్మాయి తండ్రి పేకాటలో బావి దగ్గరి చెలక భూమి పోగొట్టి, ఆ తర్వాత ఊరే విడిచిపోయాడట. చెల్లెల్ని, ఆమె బిడ్డను ఆ మేనమామే ఇంటికి తెచ్చుకున్నాడట. ఇప్పుడు వాళ్ల ఇంట్లో పత్తాలన్న మాట కూడా ఎవరూ అనరట. నా గురించి ఆ మాట వినగానే ఆయన టీ కూడా తాగకుండా బస్సెక్కాడట.

ఫోన్ పెట్టేసి ముందు గదిలోకి వెళ్లాను. కాకా పోగు దూర్చే నాడె పక్కన పెట్టి నా వైపు చూశాడు. దాచిందేమీ లేదు ఆయన ముఖంలో.

"అడిగిండు, చెప్పిన. తాగడు, తిరగడు, కిరాయి టయానికిస్తడు, పొద్దుగూకినంక పత్తాలాడ్తడు అన్న. ఉన్నదే గదా."

"కంప్యూటర్ల అని చెప్పకపోతివి కాకా."

"యాడ ఆడ్తవని ఆయన అడగలే. ఎవలతోని అని అడిగిండు. ఒక్కడే ఆడ్తడని చెప్పిన."

ఈ చివరి మాటే ఎక్కువ చేటు చేసిందని నాకు అప్పుడు అర్థమైంది. పత్తాలు ఒక్కడే ఆడే మనిషిని ఆ మేనమామ ఎక్కడ చూసి ఉంటాడు? నాతో ఆడేవాళ్లను ఈ పెద్దమనిషి దాస్తున్నాడని అనుకుని ఉంటాడు. నా ఇంటి యజమాని నిజానికి నన్ను మెచ్చుకున్నాడు. సాయంత్రం బయట తిరక్కుండా ఇంటిపట్టున ఉంటాడని చెప్పడమే ఆయన ఉద్దేశం.

నాకు మూడు దారులు తోచాయి. ఈ సంబంధం వదిలేసి ఇంకొకటి చూడటం. ఆటను కంప్యూటర్‌లోంచి తీసేసి, మానేశానని కబురు పంపడం. ఆ మేనమామను పిలిచి చూపించడం. మొదటిదానికి ఆ ఫొటో అడ్డం వచ్చింది. రెండోది చేస్తే నేను జూదం మానిన మనిషిని అవుతాను తప్ప, జూదం ఆడని మనిషిని కాను. అందుకే మూడోది చేశాను. నేను పని నుంచి వచ్చే వేళకు, తనకు వీలైన రోజు, ముందు చెప్పకుండానే రమ్మని కాకాతో కబురు పంపించాను.

ఆయన వచ్చాడు. బక్కపల్చటి రైతు. మంచం అంచున కూర్చుని చేతులు రెండూ తువ్వాల కింద పెట్టుకున్నాడు. తెర మీద పచ్చటి నేల, దాని మీద ముక్కలు పరుచుకోగానే ఒక్కసారి తలుపు వైపు చూశాడు. నేను ఒక ఆట ఆడి చూపించి, తనను కూడా ఆడి చూడమని మౌస్ ఆయన వైపు జరిపాను.

"నేను ముట్ట," అన్నాడు.

కాకా గుమ్మంలో నిలబడి, ఇందులో పైసల్లేవని, మందిలేరని, మోసం చేద్దామన్నా చేయనివ్వదని నా బదులు అంతా వివరించాడు. ఆయన విని ఒక్కటే అడిగాడు.

"ఓడిపోతే?"

"మల్ల మొదటిసంది పంచుతది," అన్నాను.

ఆయన తెర వైపే చూశాడు. "మా బావకు గట్ల మల్ల పంచెటోడు లేకపాయె," అన్నాడు.

తర్వాత ఆయనే గొంతు సవరించుకుని, పొద్దంతా పనిచేసి వచ్చి ఇందులో ఏముందని కూర్చుంటావని అడిగాడు. అడిగిన తీరులో తప్పు పట్టడం లేదు. పగలంతా నేను చెప్పే మాట ఎవరికీ నచ్చదని, ఇది మాత్రం నన్ను ఏమీ అనదని చెప్పాను. చెప్పాక అది పిల్లవాడి మాటలా వినిపించింది. కానీ ఆయన తలూపాడు. తాను కూడా చేనుకు నీళ్లు కట్టడం అయ్యాక, పనేమీ లేకపోయినా మోటరు దగ్గర ఊరికే కూర్చుంటాడట. ఇంకా నీళ్లు పారుతున్నాయని ఇంట్లో చెబుతాడట. ఆ మాట చెప్పేటప్పుడు మొదటిసారి నవ్వాడు.

వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగాడు. "నాకు సమజైంది బాబూ. గని పిల్లకు నేను జెప్పితే కాదు. ఆమె చిన్నప్పుడు కండ్లతోని చూసింది. నువ్వే జెప్పుకో."

ఆ ఆదివారం నేను, మా అమ్మ వనపర్తిలో కలుసుకుని వాళ్ల ఊరికి బస్సెక్కాం. దారి పొడుగునా చెప్పాల్సినవి వరుసగా పెట్టుకున్నాను. పందెం ఉండదు, ఎదుటి మనిషి ఉండడు, అప్పు పుట్టదు, రోజుకు గంట దాటదు. చాయ్‌లు అయ్యాక, అందరికీ కనబడేలా, వినబడకుండా, ఇంటి ముందరి అరుగు మీద మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. నేను మొదలుపెట్టేలోపే ఆమె మాట్లాడింది.

"పైసలు పెట్టి ఆడేది కాదని నాకు తెలుసు. మా బడిల గూడ ఒక కంప్యూటర్ ఉన్నది. పెద్దసారు దాంట్ల గదే ఆడ్తడు."

నేను పేర్చుకున్న వరుస మొత్తం పనికిరాకుండా పోయింది.

"ఒక్కటి అడుగుత. మీరు ఆడేటప్పుడు ఎవరన్న పిలిస్తే లేస్తరా?"

కొలిచి చూడకుండా అంకె చెప్పడం నాకు రాదు. గుర్తు చేసుకున్నాను. కాకా భార్య అన్నానికి పిలిచినప్పుడు, నల్లా వచ్చిందని చెప్పినప్పుడు, మా అమ్మ ఫోన్ వచ్చిందని కాకా కేకేసినప్పుడు నేను ఏం చేశాను? ఒకసారి నేను వెళ్లేసరికి అమ్మ లైన్ కట్ అయిపోయింది కూడా.

"వెంటనే లేవను," అన్నాను. "వస్తున్న అంట. జర సేపైనంక లేస్త."

ఆమె అరుగు అంచు వైపు చూసింది. "మా నాయన గూడ వస్తున్న అంటుండె. పిల్చుకరమ్మని మా అమ్మ నన్ను పంపుతుండె. నేను పోయి పక్కన నిలబడ్తుంటి. ముక్కల మీదికెళ్లి కండ్లు తియ్యకుంటనే వస్తున్న బిడ్డా అంటుండె. పొద్దుగూకుతుండె."

నాకూ ఆ మనిషికీ ఏ పోలికా లేదని నిరూపించడానికే ఇన్ని రోజులు తిప్పలు పడ్డాను. పోలిక పందెంలో లేదు, ఒక్క మాటలో ఉంది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. మేనమామ వాకిట్లో నిలబడి మమ్మల్ని చూడనట్టు చూస్తున్నాడు.

"లేస్త అని చెప్తరనుకున్న," అంది ఆమె.

"చెప్తే నమ్ముతుంటిరా?"

"నమ్మకపోదును." కొంచెం నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆపుకుంది. "మీరు గంట ఆడుకోండ్రి. నాకేం పరేషాన్ లేదు. గని వస్తున్న అని కూసోవద్దు. వచ్చేటట్లుంటె రాండ్రి. లేకుంటె ఇప్పుడు రానని చెప్పుండ్రి. నేను నిలబడకుంట నా పని చూసుకుంట."

మేనమామ దగ్గరికి వచ్చి ఏమంటవు బిడ్డా అని అడిగాడు. తను చెప్పాల్సింది చెప్పానని, జవాబు నా దగ్గర ఉందని ఆమె అంది. ఇద్దరూ నా వైపు చూశారు. లోపలి నుంచి మా అమ్మ కూడా చూస్తోంది. అడిగినదేమిటో మా అమ్మకు ఈ రోజుకీ తెలియదు. నేను సరే అన్నాను. వచ్చే గురువారం పెద్దమనుషులతో వస్తామని మేనమామ అన్నాడు.

గద్వాలకు చేరేసరికి సాయంత్రమైంది. స్నానం చేసి, టీ పెట్టుకుని, తెర ముందు కూర్చున్నాను. ఆట మంచి పట్టులో ఉంది, రెండు రంగులు దాదాపు సర్దుకున్నాయి. ముందు గదిలోంచి కాకా పిలిచాడు, పోయిన పని ఏమైందో చెప్పమని. "వస్తు" దాకా వచ్చిన మాట నోట్లోనే ఆగింది. నేను నిజంగా లేస్తానా లేదా అని మొదటిసారి ఆలోచించాను. లేవాలని లేదు.

"ఇప్పుడు రాను కాకా. ఆట అయినంక వస్త," అన్నాను. అనడానికి చాలా కష్టమైంది. పెద్దాయనకు ఎదురు చెప్పినట్టు చెవులు వేడెక్కాయి.

"గట్లనే కానియ్యి," అన్నాడాయన. తర్వాత రేపటి నేతకు ఆసు మీద నూలు చుట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

అన్ని నెలలుగా నేను ఆ గంటలో సగం ఎప్పుడూ గడప మీదే ఉండేవాణ్ణి, ఎవరికో వస్తున్నానని చెప్పి. ఆ సాయంత్రం మాత్రం కుర్చీలో పూర్తిగా కూర్చుని ఆడాను. ఆట ముగిశాక కంప్యూటర్ ఆపేసి, ఆయన దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.