ఈశాన్యపు కిటికీ

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో నది పక్క వీధిలో మూడు రాతి ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మధ్య ఇంట్లో నేను రెండేళ్లు ఉద్యోగం చేశాను. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకునేవారు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మండేది.

జార్జియన్ ఇల్లట. ఇంగ్లండును వరసగా జార్జి రాజులు ఏలిన కాలంలో పుట్టిన కట్టుబడి. దాని నీతి ఒక్కటే: ముందు గోడ మీద అన్నీ సమంగా, వరస తప్పకుండా ఉండాలి. లోపలి మనిషికి ఊపిరాడుతుందా లేదా అన్నది దానికి పట్టదు. సిటీ మున్సిపాలిటీవాళ్లు ఆ ముందు గోడని రక్షిత కట్టడం చేశారు. రాయి కదపకూడదు, కిటికీ చెక్కకి వేరే రంగు పూయకూడదు. లోపల మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. ఆ ఇష్టమంతా తీర్చుకున్నారు. సీలింగు మీది సున్నపు పూలకి అడ్డంగా తెల్ల పలకలు బిగించారు. పెద్ద గదిని నిలువునా రెండుగా చీల్చి మధ్యలో గోడ లేపారు. చలి కాచుకునే పొయ్యిలో ప్రింటరు, మెట్ల కింద బాత్రూము. పాత కిటికీల సందుల్లోంచి గాలి కొట్టి చలికాలమంతా మా కాళ్లు కొయ్యబారేవి. అద్దం మారుద్దామంటే చరిత్ర పాడవుతుందట. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

అన్నిటికన్నా అసహ్యం పై అంతస్తు. తూర్పున వీధిలోంచి చూస్తే అక్కడ మూడు కిటికీలు కనిపిస్తాయి. నిజానికి ఉన్నవి రెండే. ఉత్తరం చివరిది ఉత్త దొంగ కిటికీ. ఆకుపచ్చ చెక్క రెక్కలు ఎప్పుడూ మూసే ఉంటాయి, వాటి వెనక రాయి. కింది పొయ్యి పొగగొట్టం గోడలోనే పక్కకి వంగి సరిగ్గా అక్కడినుంచి పైకి పోతుంది కాబట్టి, కట్టినవాడికి కిటికీ పెట్టడం కుదరలేదు. వరస చెడకూడదని రెక్కలు మాత్రం బిగించాడు. ఆ గోడ పక్కనే నా బల్ల. బయటి జనం దృష్టిలో నేను కిటికీ దగ్గర సీటు దొరికిన అదృష్టవంతురాలిని.

ఆ ఇంటిని కొన్నది మా ఓనరు గారు, గుంటూరు వైపు మనిషి. గోదాములకీ చిన్న ఆఫీసులకీ లోపలి ప్లాన్లు గీసే కంపెనీ ఆయనది. గీసేవాళ్లం నలుగురం. ఆయనకి దొరల రాతి ఇల్లూ కావాలి, వాస్తూ కావాలి. కొనేముందు ఎవరినీ అడగలేదు. రెండు పెద్ద కాంట్రాక్టులు చేజారాక, హైదరాబాదులోని ఒక సిద్ధాంతికి వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించారు. ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగింది నేనే. నా బల్ల దగ్గరికి రాగానే సిద్ధాంతి నిట్టూర్చాడు.

"ఈశాన్యం మూతపడిందండీ. అక్కడ వెలుతురు పడాలి. అప్పటిదాకా మీకు పనులు కలిసిరావు."

నేను బెజవాడలో ఆర్కిటెక్చరు చదివాను. నా నవ్వు సిద్ధాంతికి కనపడకుండా ఫోను ఇంకో వైపు తిప్పాను.

కొత్తగా కిటికీ తెరవడానికి సిటీ ఒప్పుకోదు. ఒకప్పుడు ఉండి తరవాత పూడ్చేసిన కిటికీ అయితే తెరవనిస్తుంది. రెండు రోజులకి ఓనరు గారు నన్ను తన గదికి పిలిచారు.

"అక్కడ పూర్వం విండో ఉండేదని డ్రాయింగ్ గియ్యమ్మా. ఎప్పటి గోడో, ఎవడు చూడొచ్చాడు?"

"లేదు సార్. కరెంటు పనికి గోడ మీది బోర్డు తీసినప్పుడు నేను చూశా. రాళ్లలో పూడ్చిన జాయింటే లేదు. వెనకాల చిమ్నీ ఉంది."

"పీఆర్‌కి ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగావు గదా. నేనేమన్నా కాదన్నానా? ఇది అప్లై చేసేద్దాం, అదీ సైన్ చేసిస్తా."

ఆ ఉత్తరం లేకపోతే, ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్‌కి దరఖాస్తు చేయలేను. నా వర్క్ పర్మిట్‌కి నాలుగు నెలలే మిగిలాయి. పర్మిట్ అయిపోతే ఈ దేశంలో నాకు చోటు లేదు.

గీశాను. ఏదో చేతికొచ్చినట్టు గీసినా కాస్త మర్యాద మిగిలేది. చాలా బాగా గీశాను. పూడ్చిన రాళ్లు పక్క రాళ్లకన్నా కాస్త చిన్నవిగా వేశాను. లేని అతుకుని గీతతో చూపించి, కొలతలు కూడా రాశాను. ఆ రెక్కలు బిగించినవాడిని రెండేళ్లు తిట్టుకున్న నేను వాడికన్నా నాలుగాకులు ఎక్కువే చదివాను.

సిటీ నుంచి కట్టడాల ఆఫీసరు వచ్చింది. అరవై దాటిన తెల్లావిడ. మంచు బూట్లు గుమ్మం దగ్గర విప్పి మేజోళ్లతోనే మెట్లెక్కింది. గోడకి లోపల బోర్డు బిగించి ఉంది కాబట్టి రాయి కనపడదు. నా డ్రాయింగు బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది.

"ఈ అతుకు మీరు స్వయంగా చూశారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"చూశాను" అన్నాను.

ఆవిడ డ్రాయింగు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ వారమే అనుమతి వచ్చింది.

మేస్త్రీలు నా బల్ల జరిపి బోర్డు ఊడదీశారు, రాయి కదిలించారు. పొగగొట్టం పగిలి గది నిండా మసి రాలింది. ముందు గోడ మీద పైనుంచి కింది తలుపు దాకా నెర్రె విచ్చింది. సిటీ పని ఆపించింది. ఓనరు గారు ఎవరిమీదా అరవలేదు. ఆ సాయంత్రమే నా ఉత్తరం మీద సంతకం పెట్టి చేతికిచ్చారు. నా కొలతలు నిక్కచ్చిగా ఉంటాయని అందులో రాశారు.

మర్నాడు దరఖాస్తుకి ఆ ఉత్తరం జతచేస్తూ ఉండగా ఆఫీసరమ్మ ఫోను చేసింది. అంతా బయటపడిందనుకున్నాను.

"తప్పు నాది" అందావిడ. "బోర్డు తీయించి చూడకుండా మంజూరు చేశాను. పాత గోడలు ఎవరినైనా మోసం చేస్తాయి. మీరు చిన్నవారు, మీ మీదికి రాకూడదని రిపోర్టులో నా పేరే రాశాను. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు సారీ."

బాధపడకండి, ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయని నేనే ఆవిణ్ణి ఓదార్చాను.