మంట కాడి నుంచి లేవద్దు

తుమ్మ బొగ్గుల మీద కోడిమాంసం నుంచి కొవ్వు చుక్క పడితే ఒక చిన్న చప్పుడు వస్తుంది. ఆ వెంటనే పొగ లేస్తుంది. కారం, వెల్లుల్లి, పచ్చిపసుపు కలిసిన ఆ పొగ నీటి మీది గాలికి వంగి రేవు దాకా వస్తుంది. పోయిన ఆదివారం పడవ దిగుతున్న జనాన్ని లెక్కపెడుతూ నిలబడ్డప్పుడు అది నా ముక్కుకు తగిలింది. ఎక్కినవాళ్ళంతా దిగారో లేదో చూసుకోవడం నా పని, ఆ లెక్క నాకు తప్పదు. ఆ రోజు మాత్రం మధ్యలో ఆగి మంట వైపు తిరిగి చూశాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఎల్లవ్వ బొగ్గులు ఎగదోస్తూ ఉంటుందనుకున్నాను. ఎల్లవ్వ పోయిన వానకాలంలో కన్నుమూసింది. నేను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

ఆమెను చూడనివాళ్ళకు ముందు మా పని సంగతి చెప్పాలి. సిరిసిల్ల దగ్గర మానేరు నీళ్ళు ఆగి పెద్ద జలాశయం అయిన తరువాత, దాన్ని చూడడానికి జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి కుటుంబాలు కుటుంబాలుగా రావడం మొదలైంది. మేము వాళ్ళను పడవలో తిప్పి అవతలి ఒడ్డున దించుతాం. అక్కడ ఎల్లవ్వ చేను ఉంది. పసుపు, నువ్వులు, వంకాయలు, గట్ల వెంట మక్కజొన్న. చేనంతా చూపించి, కావలసినవాళ్ళ చేత వంకాయలు తెంపించి, మధ్యాహ్నం బొగ్గుల మీద కాల్చిన భోజనం పెడతాం. ఇప్పుడు రేవు దగ్గర బోర్డు మీద లేక్ క్రూయిజ్, ఫార్మ్ విజిట్, బార్బెక్యూ లంచ్ అని రాసి ఉంటుంది. ఆ బోర్డు నేనే రాయించాను. చదివి వినిపిస్తే ఎల్లవ్వ చాలాసేపు నవ్వింది. పడవెక్కుడు, చేను చూసుడు, కాల్చిన కూర తినుడు, గింత దానికి గన్ని పేర్లెందుకు అని అడిగింది.

నేను నేతపని ఇంట్లో పుట్టాను. మా నాన్న మగ్గం నేశాడు, అన్నదమ్ములు సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు పెట్టారు. నేను ఒక సాంచాల షెడ్డులో చిన్నప్పటి నుంచి జమాఖర్చులు రాశాను. గజం గజానికీ లెక్క చెప్పగలిగేదాన్ని కానీ, ఎదుట మనిషి నిలబడితే తల ఎత్తి మాట్లాడేదాన్ని కాదు. షెడ్డు మూతపడే నాటికి నాకు అరవై దాటాయి. ఆ వయసులో మనిషి కొత్తగా ఏం నేర్చుకుంటుంది అని నేనూ అనుకున్నాను, మా వాళ్ళూ అనుకున్నారు.

ఎల్లవ్వ వారం వారం మా షెడ్డు ఎదుటి రోడ్డు మీద వంకాయలు, కాల్చిన మక్క కంకులు అమ్మేది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. చందుర్తి వైపు భూమి లేని ఇంట్లో పుట్టింది. ఊర్లో దొరల చేన్లలో కూలి చేసింది, పెళ్ళయ్యాక ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు కొట్టే ముఠాలతో తిరిగింది. మొగుడూ పెళ్ళాం కూడబెట్టి కొన్న ఎకరంన్నర చేనే ఇప్పుడు నీళ్ళ ఒడ్డున ఉంది. మొగుడు దాని పంట రెండేళ్ళు కూడా తినలేదు. ఇదంతా తరువాత తెలిసింది. మొదటి రోజు నాకు కనిపించింది ఆమె తక్కెడ ఒక్కటే. దాని ముల్లు సరిగా నిలవడం లేదు.

"నీ తక్కెడ వంకరున్నది" అన్నాను. బహుశా అపరిచితురాలితో నేను మొదలుపెట్టిన మొదటి మాట అదే.

"ఎటు దిక్కు వంకరున్నది?"

చూశాను. కొనేవాళ్ళ వైపే ఒరుగుతున్నది.

"మరి నీకేం నొప్పి చెల్లె?" అని ఒక వంకాయ ఎక్కువే వేసింది. మరుసటి వారం ఆ తక్కెడను నేనే బాగుచేయించి తెచ్చాను. ఆమె తీసుకున్నది కానీ, తూచాక ఒక కాయ పైన వేసే అలవాటు మానలేదు. ఒక వైపు మాడిన కంకిని మాత్రం ఎవరికీ అమ్మేది కాదు, పక్కన పెట్టుకుని తనే తినేది. లెక్కలో నాకంటే మొండి మనిషిని అప్పుడే చూశాను. మా స్నేహం అక్కడ మొదలైంది.

పడవ ఆలోచన ఆమెదే. నీళ్ళు చూడడానికి వచ్చినవాళ్ళు కట్ట మీద ఫోటోలు దిగి, ఎండకు వాడిపోయి, ఆకలితో తిరిగిపోవడం ఆమె రోజూ చూసేది. నీళ్ళు చూస్తే కడుపు నిండుతదా అనేది. ఆ మాట వెనక ఇంకో బాధ ఉంది. జలాశయం నిండుగా ఉన్న నెలల్లో ఆమె చేను కింది భాగం ఊటకు పాడైపోతున్నది. చక్కెర ఫ్యాక్టరీ ఆగిపోవడంతో చెరుకు ముఠాలో ఆమె వెంట పనిచేసిన ఆమె ఊరి ఆడవాళ్ళు నలుగురికి పని లేదు. చేను కౌలుకిచ్చి, ఆ వయసులో మళ్ళీ ఎవరో ఒకరి చేన్లోకి కూలికి పోవడమే మిగిలింది. ఆమెకు కూలి అంటే భయం లేదు. ఎవరి చేన్లోకి పోవాలి అన్నదే భయం.

చేపలు పట్టేవాళ్ళ సంఘానికి ఒక మోటారు పడవ ఉండేది. సంఘం పెద్ద రాజమల్లు, తూకం వేసినట్టు మాట్లాడే మనిషి. ఎల్లవ్వ నెల రోజులు ఆయన వెంట పడింది. చివరికి ఆయన ఒక్క ఆదివారానికి ఒప్పుకున్నాడు. వచ్చినవాళ్ళు సంతోషంగా పోతే పడవ ప్రతి ఆదివారం ఇస్తానన్నాడు. ఒక్క లొల్లి జరిగినా మళ్ళీ అడగవద్దన్నాడు. ఆ రోజు తానే పడవ నడిపి కళ్ళతో చూసుకుంటానన్నాడు.

జనాన్ని పలకరించి, లైఫ్ జాకెట్లు తొడిగించి, పడవలో కూర్చోబెట్టి, దారి పొడుగునా నీళ్ళ సంగతి చెప్పే పని ఎల్లవ్వ నాకు పెట్టింది. నా వల్ల కాదన్నాను. "నువ్వు తప్పు చెప్పవు గద. తప్పు చెప్పనోళ్ళు భయపడుడేంది?" అన్నది. అంతే, దాని మీద చర్చ లేదు. వారం రోజులు నన్ను ఒడ్డున నిలబెట్టి, తను నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి, వినపడలేదు, ఇంకా గట్టిగ చెప్పు అని నా చేత అరిపించింది. కొంగలు లేచిపోయేవి. ఇవాళ నేను నిండు పడవ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే ఆ వారమే కారణం.

ఆ ఆదివారం తేదీ నాకు గుర్తుంది. ఎల్లవ్వకు తేదీల పట్టింపు లేదు కాబట్టి ఇక్కడ రాయను. జగిత్యాల నుంచి ఒక పెద్ద బృందం వచ్చింది. వాళ్ళను తెచ్చిన యువకుడు మర్యాదస్తుడే. తన మేనమామ కూడా వెంట ఉన్నాడని, పెద్దమనిషి జాగ్రత్త అని చెప్పాడు. తెల్లని పంచె, చేతికర్ర, వణికే గడ్డం. నేను చెయ్యి పట్టి పడవెక్కించాను. ఆయన ఎవరో నాకు తెలియదు. పడవ చక్కగా సాగింది. నా గొంతు మొదట్లో తడబడింది, నడి నీళ్ళకు వచ్చేసరికి నిలబడింది. పిల్లలు చెయ్యి నీళ్ళలో పెట్టబోతే కసిరాను. వాళ్ళ తల్లులు నవ్వారు.

చేను చూడడం అయింది. పసుపు ఆకు నలిపి వాసన చూసి ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు. పెద్దాయన మెల్లగా వెనక వచ్చి, గట్టు ఎక్కి, మంట వైపు నడిచాడు. అప్పుడు జరిగింది.

మంట చుట్టూ కూర్చున్న ఆ చెరుకు ముఠా ఆడవాళ్ళు నలుగురూ ఒక్కసారిగా లేచారు. ఎల్లవ్వ కూడా లేచింది. లేచి, చెప్పులు విడిచి, పక్కకు జరిగి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని తల వంచింది. ఆయన వాళ్ళ ఊరి దొర. ఆ ఊళ్ళో గడీ అనే ఆయన పెద్ద ఇంటి వాకిలి ముందు నుంచి పోతే చెప్పులు చేత పట్టుకోవాలి, దొర ఎదురైతే నిలబడిపోవాలి. ఆ కాలం పోయి ఎన్నేళ్ళో అయింది, ఆ గడీ తలుపులకు చెదలు పట్టింది. అయినా ఐదుగురూ లేచారు. బొగ్గుల మీది ఇనుప జాలీ దగ్గర ఒక్కరూ లేరు.

"నువ్వు ఎల్లివి గదానే?" అన్నాడు ఆయన.

ఎల్లవ్వ ఏదో అనబోయి ఉలిక్కిపడింది. చెప్పు విడిచిన పాదం కింద ఒక నిప్పు కణిక పడింది. ఆమె కిందికి చూసింది. తన పాదాలు చూసింది, పక్కన నలుగురి పాదాలు చూసింది, ఆ వరసలో విడిచిన చెప్పులు చూసింది. ఆ పక్కన జాలీ మీద మాంసం ఒక వైపు నల్లబడుతూ పొగలు కక్కుతున్నది. ఆమె నెమ్మదిగా, ఎవరూ చూడనట్టే, చెప్పులు తొడుక్కున్నది. కూర్చుని జాలీ తిప్పింది.

"కూసోండ్రి" అన్నది వాళ్ళతో. "మంట కాడ కూసున్నోళ్ళు మాంసం కోసమే లేవాలె. మనిషి కోసం లేవద్దు."

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కూర్చున్నారు. రాజమల్లు ఒడ్డున పడవ తాడు పట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. లొల్లి జరిగితే పడవ లేదు.

మేనల్లుడు వచ్చాడు. మామయ్యకు విడిగా టేబులు వేసి, ముందు ఆయనకు పెట్టి తరువాత మిగతావాళ్ళకు పెట్టమన్నాడు. అతడు చెడ్డగా అడగలేదు, ఇంట్లో జరిగేదే అడిగాడు. ఎల్లవ్వ వినిపించుకుని, "కుర్చీ ఏస్త సారు, ఆయన మోకాళ్ళు వంగయి. కని బంతిలనే ఏస్త" అన్నది.

మా ఊర్లలో యాటను, మేకనో గొర్రెనో, కోసి పంచుకునేటప్పుడు మాంసం పోగులు వేస్తారు. అన్ని పోగులూ సమానం. ఒకసారి పోగు వేశాక ఒక పోగులోది తీసి ఇంకొక దాంట్లో వేయకూడదు. పోగులు వేసినవాళ్ళు చివరి పోగు తీసుకోవాలి. ఎల్లవ్వ ఆ రోజు మోదుగాకుల మీద అట్లాగే వేసింది. పడవ దిగినవాళ్ళకు, వండినవాళ్ళకు, నాకు, పడవ నడిపిన రాజమల్లుకు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పోగు, పక్కన వంకాయ పచ్చడి, మక్క రొట్టె. మాడిన ముక్కలన్నీ తన ఆకులో వేసుకున్నది. ఒకటే బంతి, ఒకటే వరస. చివర పెద్దాయన కుర్చీ, ఆ పక్కన నేల మీద ఎల్లవ్వ.

మేనల్లుడి మొహం ఎర్రబడింది. "మామయ్య పక్కన నువ్వు కూసుంటవా?" అన్నాడు, గొంతు తగ్గించి. బంతి అంతా చేతులు ఆపింది. ఎల్లవ్వ కుర్చీ వైపు కూడా చూడలేదు. రొట్టె తుంచింది.

పెద్దాయన ఒడిలో ఆకు పట్టుకుని చాలాసేపు వాసన చూశాడు.

"ఇది చెరుకు తోటల కాల్చే కోడి గదా?" అన్నాడు. "చెరుకు కొట్టే కాలంల మీరంత పొద్దుగూకంగ కాల్చుకునేటోళ్ళు. మా అరుగు మీదికి వాసన వచ్చేది. వాసనే వచ్చేది, ముక్క రాకపోయేది."

"మీరు అడగకపోతిరి" అన్నది ఎల్లవ్వ.

"ఎట్ల అడగాలె?" అన్నాడు ఆయన. నిజంగానే తెలియక అడిగినట్టు ఉంది ఆ మాట. తరువాత తినడం మొదలుపెట్టాడు. ముసలి పళ్ళతో నిదానంగా ఎముక దాకా తిన్నాడు. మేనల్లుడు కాసేపు నిలబడి, చేసేదేం లేక, చాప మీద తన ఆకు ముందు కూర్చున్నాడు. బంతిలో చేతులు మళ్ళీ కదిలాయి.

ఆకు ఖాళీ అయ్యాక పెద్దాయన ఒంగి, "ఎల్లవ్వా, ఇంకొక ముక్క ఉన్నదా?" అన్నాడు.

ఎల్లి ఎప్పుడు ఎల్లవ్వ అయిందో ఆయనకు తెలిసిందో లేదో నేను చెప్పలేను. ఆమె మాత్రం విన్నది. నేను పక్కనే ఉన్నాను, ఆమె నమలడం ఆపడం చూశాను.

"పోగు అందరికి ఒకటే పెద్దయ్య. ఇంక కావాలంటే నా ఆకులది ఇస్త. మాడింది. మీకోసం లేస్తెనే మాడింది."

ఆయన చెయ్యి చాపాడు. ఆమె మాడిన ముక్క ఆ చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఒక పిల్ల నీళ్ళడిగింది.

తిరుగు ప్రయాణానికి అందరినీ ఎక్కించి, లెక్కపెట్టి, సరిపోయిందని చెప్పాను. రాజమల్లు మోటారు మీద చెయ్యి వేసి, ఎల్లవ్వ వైపు చూడకుండా, "వచ్చే ఐతారం ఎన్ని గంటలకు రావాలె?" అన్నాడు. ఎల్లవ్వ నా వైపు చెయ్యి చూపింది. సమయం చెప్పడం నా పని కదా. చెప్పాను.

ఆ సాయంత్రం ఆమె పాదానికి వెన్న రాస్తూ, ఎందుకు లేచినవు అక్కా అని అడిగాను. "లేచింది నేను కాదు చెల్లె, నా కాళ్ళు. ఎప్పటియో ఆ కాళ్ళు. వాటికి ఎవ్వరు చెప్పలే, కాలం పోయిందని" అన్నది. ఆ తరువాత కలెక్టరు వంటి అధికారులు వచ్చారు, సినిమావాళ్ళు వచ్చారు. దండం పెట్టింది, నవ్వింది, కూర్చునే వడ్డించింది. మంట కాడి నుంచి లేవలేదు. చివరి నెలల్లో, నిలబడలేని స్థితిలో కూడా, నన్ను ఇదే కోరింది. నేను పోయినా నా కోసం కూడా ఎవ్వరు లేవద్దు, మాంసం మాడుతది అన్నది. ఆమె పోయిన తరువాతి ఆదివారం మేము పడవ నడిపాం. ఊర్లో కొందరు తప్పుపట్టారు. ఆమెకు అంతకంటే పెద్ద మర్యాద నాకు తెలియదు.

ఆమె నుంచి నాకు వచ్చింది ఆ చేను కాదు, ఆ పని కాదు. ఎవరి ముందైనా నేను మొదలుపెట్టిన మాటను పూర్తిచేసే గొంతు వచ్చింది. పోగులు వేసి చివరిది తీసుకునే చెయ్యి వచ్చింది. అరవై దాటాక వచ్చినవి కాబట్టి వాటిని ఎక్కడ నుంచి తెచ్చుకున్నానో తేలికగా చెప్పగలను.

పోయిన ఆదివారమే, నేను లెక్క ముగించి మంట దగ్గరికి వెళ్తుంటే, వెనక నుంచి ఒక పెద్ద హోదా ఉన్న మనిషి, ముందూ వెనకా నలుగురితో, గట్టు ఎక్కాడు. మంట దగ్గర కోరుట్ల నుంచి వచ్చిన లావణ్య ఉంది, ముప్పై ఏళ్ళ మనిషి, చేరి ఏడాది కూడా కాలేదు. ఆమె తల ఎత్తి చూసి, నమస్తే సార్, కూసోండ్రి అని, మళ్ళీ జాలీ వైపు తిరిగింది. ఆయన వచ్చి అక్కడ పరిచిన చాప మీద కూర్చున్నాడు.

వాళ్ళు కాస్త దూరం జరిగాక లావణ్య నన్ను అడిగింది, "మంట కాడి నుంచి లేవద్దని చెప్తరు గదమ్మా, మాంసం మాడుతదనే గదా?"

నేను ఆమె కాళ్ళ వైపు చూశాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"అవును బిడ్డా" అన్నాను. "అందుకే."