మగ్గం మీద నిలబడిన రాజు

మా చిన్నాయన ఇరవై ఏళ్లు ద్వారపాలకుడి వేషం కట్టాడు. పద్యనాటకంలో ఆ వేషానికి పద్యాలుండవు. ఈటె పట్టుకుని నిలబడాలి, అంతే. యాభై ఎనిమిదో ఏట ఆయనకు రాజు వేషం దొరికింది. కోసిగి దగ్గర పల్లెలో ఆట. ఆ కబురు విన్న మా నాయన కాళ్లు నేల మీద నిలవలేదు. నిజంగానే నిలవలేదు, రెండు రోజులకే మగ్గం గుంతలోంచి లేస్తూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. పద్యం నచ్చితే జనంలోంచి ఎవరో ఒకరు ‘వన్స్‌మోర్’ అని అరుస్తారు. నటుడు ఆ పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు. ఒక్క వన్స్‌మోర్ కూడా పడని రాజు, రంగు కడుక్కుని ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరతాడు. చిన్నాయన భయమంతా అదే. “ఎవడూ అనకుంటే నేనంటాలేప్పా” అని నాయన మాటిచ్చి ఉన్నాడు. ఇప్పుడేమో యెమ్మిగనూరులో, మగ్గం ఎదురుగా మంచమెక్కి పిండికట్టుతో పడుకున్నాడు. కాలు విరగ్గొట్టింది నేనే అయినట్టు అన్నం కూడా నా మీద కోపంగానే తిన్నాడు.

అప్పుడు మా చెల్లెలు ఆదోనిలో తాను చదివే కాలేజీ నుంచి రెండు వస్తువులు అడిగి తెచ్చింది. ఒకటి కెమెరా. దాన్ని ఆట దగ్గర ముందు వరుసలో, నాయన ఎప్పుడూ కూర్చునే చోట పెడతానంది. రెండోది కళ్లకు కట్టుకునే డబ్బా. అది పెట్టుకుంటే మన ఇల్లు మనకు కనపడుతూనే ఉంటుందట, ఆ ఇంట్లోనే అక్కడి ఆట నిలువెత్తున జరుగుతుందట. నేను నమ్మలేదు. నాయన మొహం తిప్పుకున్నాడు.

సాయంత్రానికి మిరపకోతలకు పోయేవాళ్ల లారీలు కదులుతాయని ఆట మధ్యాహ్నమే మొదలుపెట్టారు. నాయన కళ్లకు డబ్బా కట్టాను. ఆయన ఒక్కసారి ఎగిరిపడ్డాడు.

“పాపా! మగ్గం మీద నిలబడినాడు మే మీ చిన్నాయన! కిరీటం పెట్టుకోనుండాడు! ఒరే, పక్కకు జరుగప్పా, పోగులు తెగుతాయి!”

నవ్వలేక నాకు కడుపునొప్పి వచ్చింది. ఉండబట్టలేక డబ్బా లాక్కుని నేనూ చూశాను. బుగ్గలకు ఎర్ర రంగు, మీసం, కిరీటం, సగం నేసిన చీర మీద మా చిన్నాయన! నాయన నా చేతిమీద ఒక్కటేసి డబ్బా మళ్లీ గుంజుకున్నాడు.

మొదటి పద్యం అయింది. నాయన “వన్స్‌మోర్!” అని పెట్టిన కేకకు పక్కింటి మగ్గం ఆగిపోయింది. కానీ రాజు పాడలేదు.

“యాల పాడల్యా? వినపడల్యా ఏంది?”

అప్పుడు వెలిగింది నాకు. ఆట మా ఇంటికి వస్తుంది కానీ మా గొంతు అక్కడికి పోదు. ఆ మాటే చెప్పాను. రెండో పద్యం కూడా అయింది. అక్కడ ఎవరూ అరవలేదు. “వాని మొగం సూడు మే, ఎంత సిన్నబోయిందో! నేను మాట తప్పితిని కదమ్మా” అన్నాడు నాయన.

నేను ఫోనందుకున్నాను. “మైకు దగ్గరికి పరిగెత్తు మే!” అని చెల్లెలి మీద అరిచాను. ఆ పిల్ల నిజంగానే స్టేజీ ఎక్కేసి, రాజు నోటి ముందరి మైకుకు తన ఫోను ఆనించింది. నా ఫోను నాయన చేతికిచ్చి, లేవబోతున్న ఆయన కాలు గట్టిగా పట్టుకుని మంచం పక్కన చతికిలబడ్డాను.

“వన్స్‌మోర్ అప్పా! నేను మీ అన్నను!”

ఆ కేక కోసిగి దాకా పోయి, రెండు క్షణాల తర్వాత డబ్బాలోంచి తిరిగి నాయన చెవిలోనే పడింది. హార్మోనియం ఆగింది. రాజు కత్తి దించి జనంలో వెతుకుతున్నాడట.

“అన్నా! యాడుండావన్నా?”

చెల్లెలు కెమెరా చూపించిందట. జనం గొల్లున నవ్వారు. ఆ వెంటనే ఊరు ఊరంతా వన్స్‌మోర్! చిన్నాయన రెండో పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. పైస్థాయిలో గొంతు జీరబోయినా ఎవరూ పట్టించుకోలేదు. నాయన మంచం మీదే తాళం వేస్తూ ఊగిపోయాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

పద్యం అయ్యాక చిన్నాయన స్టేజీ దిగి వచ్చి, కిరీటంతోనే కెమెరా ముందు వంగాడట. నేను కూర్చున్న చోటే నాయనకు తమ్ముడు కనపడ్డాడు. చెయ్యి చాపాడు. అది వచ్చి నా తల మీద ఆనింది.

“సల్లగుండప్పా. రాజంటే నువ్వే.”

ఆయన చెయ్యి తీసేదాకా నేను కదల్లేదు.