పెరుగా, మజ్జిగా?

కోదండరాం గారు రోడ్లను పెరుగుతో కొలుస్తారు. గిన్నెలో గడ్డ పెరుగు పెట్టుకుని బయల్దేరతారు. తిరిగొచ్చేసరికి గడ్డ కదలకపోతే ప్రయాణం బాగున్నట్టు, ముక్కలైతే దండగ. మేనల్లుడు కొత్త కారెక్కించినప్పుడూ ఒళ్లో గిన్నె పెట్టుకునే కూర్చున్నారు. మూడో మలుపులో పంచె తడిసింది. ఆ కారును ఆయన ఇప్పటికీ 'కవ్వం' అనే అంటారు.

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఆయనది స్టీలు పాత్రల హోల్‌సేల్ కొట్టు. గిన్నెలకు లోటు లేదు. పెరుగు మిగలడం లేదని భార్య అలమేలమ్మ గోల.

మేడ మీద అద్దెకుండే సునయనకు ఇదంతా వినోదంగానే ఉండేది, తన సైకిలు దాకా రానంతవరకు. గుంటూరు నుంచి వచ్చి ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో కొనుక్కున్న చవక రోడ్డు సైకిలు అది. సన్నటి టైర్లు. ఎక్కితే చాలు, నిరుడు విరిగి అతుక్కున్న మణికట్టు వీధి చివరికి చేరేలోపే జివ్వుమనేది. ఆదివారం పొద్దున్నే మాధవరం దాకా తొక్కడమంటే ఆమెకు ప్రాణం. అయినా ఓ రోజు మనసు రాయి చేసుకుంది.

"అంకుల్, తొక్కితే చెయ్యి నొప్పెడుతోంది. దీన్ని ఎవరికైనా అమ్మిపెట్టండి."

"సెరిమ్మా. ఓ నెల టైమియ్యి."

మర్నాడు బాల్కనీలోంచి చూస్తే, ఆరడుగుల కోదండరాం గారు దాని మీద ముడుచుకుని, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా తొక్కుతున్నారు. హ్యాండిల్‌కు మూతపెట్టిన గిన్నె.

మూల మీద పూలమ్మే రాసాత్తి కేక వేసింది. "ఏం సామీ, ఇవాళ పెరుగా, మజ్జిగా?"

"మజ్జిగే! ఉప్పు తేపో!"

ఇక రోజూ మెకానిక్ బాలకృష్ణన్‌తో పంచాయితీ.

"ఇంత గాలి ఎందుకు కొట్టినావప్పా? రాయి మీద రాయి దొర్లినట్టుండాది. దించు."

"సన్న టైరు సామీ. దించితే పంక్చరే."

"అట్లయితే లావుది ఎయ్యి. ఫోర్కు సందులో ఎంత లావు పడితే అంత!"

లావు టైర్లు వచ్చాయి. గాలి రోజుకింత తగ్గింది. రిమ్ము గోతి అంచుకు తగిలిన రోజు కాస్త పెరిగింది. హ్యాండిల్‌కు పాత టేపు మీద మెత్తటి టేపు ఇంకో చుట్టు పడింది. పెరుగు మాత్రం విరుగుతూనే ఉంది. ఇంట్లో రోజూ మజ్జిగ పులుసు. మేడ మీదికీ ఓ గిన్నెడు.

కొనడానికొచ్చిన ముగ్గురినీ ఆయన తిప్పి పంపారని తెలిసి సునయనకు ఒళ్లు మండింది. విసురుగా మెట్లు దిగింది.

"మీకే నచ్చితే ఆ మాట చెప్పొచ్చుగా అంకుల్!"

అప్పుడే సైకిలు దిగిన ఆయన గిన్నె మూత తీశారు. లోపల తెల్లగా, నున్నగా, చిన్న బీట కూడా లేని గడ్డ.

"అలమేలూ! పెరుగే!" వీధంతా దద్దరిల్లింది. "దామ్మా, ఒక రౌండు పొయ్యిరా."

సునయన విసుక్కుంటూనే ఎక్కింది. కాళ్లు పెడళ్లకు సరిగ్గా అందాయి. వంగి చూసింది. గోళ్ల రంగుతో తను పెట్టుకున్న గీత దగ్గరే ఉంది సీటు. వీధి చివరికి వెళ్లొచ్చింది. మణికట్టు కిక్కురుమనలేదు.

"ఇన్నాళ్లూ సీటు ఎత్తుకోలేదేం అంకుల్? మీ మోకాళ్లు..."

"ఎత్తితే చేతుల మీద పడే బరువు మారతాది కదమ్మా. చూడాల్సింది నీ చేతికి గదా!" అంటూ ఆయన నడుం పట్టుకుని అరుగు మీద కూలబడ్డారు. అలమేలమ్మ నూనె సీసాతో వచ్చింది.

ఆదివారం సునయన మాధవరం వెళ్తుంటే హ్యాండిల్‌కు గిన్నె ఆయనే తగిలించారు. తిరిగి రాగానే రాసాత్తి ఆపింది.

"ఏం పాపా, పెరుగా, మజ్జిగా?"

సునయన మూత తీసి చూపించింది. ఖాళీ. "ఆకలేసింది, తినేశా."

అరుగు మీంచి కోదండరాం గారు తల బాదుకున్నారు. "అయ్యో, రీడింగునే తినేసినావా తల్లీ!"