నాలుగో మేకుకున్న జల్లెడ

సరస్సు ఒడ్డున పడవల రేవు దాటితే వరసగా ఏడు షెడ్లు. ఆఖరి షెడ్డులో ఉండే మనిషిని అందరూ జల్లెడాయన అంటారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో అని రేవులో ఒక వేళాకోళం ఉంది. నీళ్ళ మీద పరుగెత్తే స్కూటర్లకు అడుగున ఒక రంధ్రం ఉంటుంది. బండి అక్కడినుంచి నీళ్ళు పీల్చి వెనకనుంచి చిమ్ముతుంది, ఆ తోపుతోనే ముందుకు పోతుంది. ఆ రంధ్రానికి అడ్డంగా బిగించే లోహపు చట్రమే జల్లెడ. రాళ్ళనూ తాళ్ళనూ నాచునూ అది ఆపాలి, నీళ్ళను మాత్రం ఆపకూడదు. బండితో పాటు కంపెనీ ఇచ్చేది అందరికీ సరిపోయేలా చేసింది, అంటే ఎవరికీ పూర్తిగా సరిపోదు. అందుకని పందేలకు వెళ్ళేవాళ్ళు విడిగా వేరేది వేయించుకుంటారు. ఎవరికి ఏది నప్పుతుందో చెప్పడం ఈయన విద్య.

చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. కమ్మీలు దగ్గరగా ఉంటే నాచు రాదు గానీ బండికి ఊపిరాడదు. ఎడంగా ఉంటే నున్నటి నీళ్ళలో దూసుకుపోతుంది, అలలొచ్చాయంటే నీళ్ళకు బదులు గాలి మింగుతుంది. దోసిలి పట్టినట్టు కిందికి వంగిన నాలుక ఉన్నదైతే ఎగిరిపడే నీళ్ళను కూడా పట్టి లోపలికి తోస్తుంది. కానీ నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు ఆ నాలుకే అడ్డమై వేగం తగ్గిస్తుంది. మిగతా మెకానిక్కులు నీ బరువెంత, ఎంతమంది ఎక్కుతారు, ఎక్కడ నడుపుతావు అని వంద అడుగుతారు. ఈయన బండిని నీళ్ళలోకి దింపించి రెండు చక్కర్లు కొట్టమంటాడు. తను ఒడ్డున కళ్ళు మూసుకుని నిలబడతాడు. నీళ్ళు పీల్చే పంపు మోత విని లోపలికి వచ్చి, గోడ మీద మేకులకు వేలాడే జల్లెళ్ళలోంచి ఒకటి తీసి చేతిలో పెడతాడు. ఇక దానికి తిరుగులేదు.

షెడ్డు పైనే ఆయన గది. ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక గ్లాసు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "సీజన్ అయ్యాక చూద్దామనుకున్నా, సీజనే అవలేదు" అంటాడు. అడిగినవాళ్ళు నవ్వి బండి వేసుకుని పోతారు. వచ్చినవాళ్ళందరూ బండి గురించే మాట్లాడతారు, బండి బాగవగానే వెళ్ళిపోతారు. చలికాలం రేవు మూసేస్తే మూడేసి రోజులు ఆయన గొంతు ఆయనకే వినపడదు. అలాంటప్పుడు రేడియోలో వార్తలు చదివే మనిషితో వాదన పెట్టుకుంటాడు. పాపం, అటువైపు మనిషికి ఆ సంగతి తెలియదు కాబట్టి గెలుపెప్పుడూ మనవాడిదే.

ఆయనకు సొంతమనే మనిషి ఒక్కడే, తమ్ముడు. పద్నాలుగేళ్ళు చిన్న. అమ్మానాన్నలు పోయాక తనే పెంచాడు, ఈత నేర్పాడు, పానా పట్టడం నేర్పాడు. అంత చేసి, ఎనిమిదేళ్ళ క్రితం ఆ తమ్ముడి పెళ్ళికి వెళ్ళలేదు. ఆ రోజు ఎవరో పందెగాడి బండిలో పంపు పట్టేసింది, మర్నాడే పందెం. ఈ ఒక్కటీ చూసి బయల్దేరతానన్నాడు. ఒకటి మూడయ్యాయి, అక్కడ పెళ్ళి అయిపోయింది. తమ్ముడు వచ్చి నిలదీస్తే "పని అలాంటిది" అన్నాడే తప్ప, తప్పయిపోయిందిరా అన్న ముక్క నోటినుంచి రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి ఇంట్లో ఉన్న ఒక్కడినీ పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఒక ఆదివారం ఉదయం షెడ్డు ముందు ఒక కారు ఆగింది. దాని వెనక తగిలించిన చక్రాల బండి మీద నీలం రంగు నీటి స్కూటరు. కారులోంచి దిగింది తమ్ముడు. కాస్త పొట్ట వచ్చింది, చెవుల దగ్గర నెరిసింది.

"అలల్లో పట్టు జారిపోతోంది. వచ్చే నెల సరస్సు అడ్డంగా దాటే పందెం ఉంది. ఎవర్నడిగినా నీకే చూపించమన్నారు" అన్నాడు, అన్న మొహం వైపు కాక గోడకున్న మేకుల వైపు చూస్తూ.

"దింపు" అన్నాడు జల్లెడాయన. ఎనిమిదేళ్ళ తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది.

రెండో చక్కర్లోనే తేలిపోయింది. గాలి మింగుతోంది, మింగి మళ్ళీ ఒక్కసారిగా పట్టుకుంటోంది. దీనికి మందు నాలుగో మేకుకున్న పొడుగు నాలుక జల్లెడ. అనుమానమే లేదు. లోపలికి వచ్చి దానికోసం చెయ్యి చాపాడు కూడా. అప్పుడు వెనక్కి చూశాడు. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, కారు తాళాలు చేతిలోనే ఆడిస్తున్నాడు. నాలుగు బోల్టులు, పావుగంట పని. పావుగంట తర్వాత ఈ మనిషి వెళ్ళిపోతాడు, బండి బాగుంటే ఇక రాడు. చాపిన చెయ్యి పక్కకు జరిగి మొదటి మేకు మీద పడింది.

"ముందు ఇది వేసి చూద్దాం. వారం నడిపి చెప్పు."

అబద్ధమేమీ చెప్పలేదుగా, చూద్దాం అన్నానంతే అని సర్దిచెప్పుకున్నాడు. మనిషి తనని తాను మోసం చేసుకోవడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు.

రెండో ఆదివారం తమ్ముడు వచ్చాడు. "నాచు రావట్లేదు గానీ బండి ఆయాసపడుతోంది అన్నయ్యా" అన్నాడు. అన్నయ్యా అన్న పిలుపు విని జల్లెడాయన టీ పెడతానని మెట్లెక్కి పైకి పోయాడు. కాసేపటికి రెండు గ్లాసులతో దిగాడు.

"ఇది కొత్తదా?" అన్నాడు తమ్ముడు.

"ఎప్పట్నుంచో ఉంది."

కొట్టువాడు గ్లాసు అడుగున అంటించిన కాగితం ఇంకా ఊడలేదు. తమ్ముడు దాన్ని గోటితో ఒకసారి గీకి టీ తాగాడు. ఆ రోజు రెండో మేకు జల్లెడ బిగించారు.

మూడో ఆదివారం రెండు గంటలు కూర్చున్నాడు. ఫోనులో ఫొటో తీసి చూపించాడు. ముందు పళ్ళు రెండు ఊడిన ఆరేళ్ళ పిల్ల.

"పెదనాన్న దగ్గరికి వెళ్తున్నానని చెప్పా. పెదనాన్నంటే నాన్న కంటే పెద్దగా ఉంటాడా అని అడిగింది."

"ఏం చెప్పావ్?"

"చూస్తే తెలుస్తుందిలే అన్నా. పందెం అయ్యాక తీసుకొస్తా."

జల్లెడాయన వెంటనే బండి కిందికి దూరాడు. అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదు. మొహం మామూలుగా అయ్యేదాకా అక్కడే పడుకుని, ఉన్న బోల్టులనే మళ్ళీ బిగించి బయటికి వచ్చాడు. మూడో మేకుకున్న పొట్టి నాలుకది వేశాడు. "దగ్గరికొచ్చింది" అన్నాడు. ఆ వారమంతా మనిషి మనిషిలా లేడు. మెట్ల మీద పేరుకున్న గ్రీజు గీకేశాడు, ఒక కుర్చీ కొన్నాడు, అటక మీది సామానంతా దించి, పిల్లలు వేసుకునే లైఫ్ జాకెట్ ఒకటి వెతికి సబ్బుతో రెండుసార్లు ఉతికాడు. రేడియోను ఆ వారం ఎవరూ తిట్టలేదు.

నాలుగో ఆదివారం తమ్ముడు ఒక్కడే వచ్చాడు, బండి లేదు. కింది పెదవి వాచి ఉంది, రెండు కుట్లు. "అలమీంచి ఎగిరినప్పుడు గాలి మింగింది. కిందపడగానే ఒక్క కుదుపుతో పట్టుకుంది. హ్యాండిల్ వచ్చి మూతికి కొట్టింది. ఇంకాస్తయితే ముందు పళ్ళు ఊడి నేనూ మా పాపా ఒకే వరస" అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. బండి అవతలి ఒడ్డున పందెం శిబిరంలో పెట్టేశాడట. ఊరికే వచ్చానన్నాడు, కొత్త కుర్చీలో కూర్చున్నాడు.

ఆ కుట్లు తను వేసినవే అనిపించింది జల్లెడాయనకు. నాలుగో మేకునుంచి దాన్ని తీసి తమ్ముడి చేతిలో పెట్టి, ఇదిగో ఇదే, బిగించుకో అనొచ్చు. అది ఇచ్చేస్తే చేతిలో ఇంకేం మిగలదు. "వచ్చే ఆదివారం బండి తీసుకురా. ఆఖరిది వేస్తాను, కుదురుతుంది" అన్నాడు. బండి లేకుండా వచ్చినవాడు దేనికోసం వచ్చాడో అని మహానుభావుడు ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. తమ్ముడు టీ తాగి, కాసేపు నీళ్ళ వైపు చూస్తూ కూర్చుని, సరే అని లేచాడు.

ఆ వారం రోజుకు నాలుగుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఒరే, ఆ జల్లెడతో నడపకు అని చెబితే చాలు. ఎందుకు అని వాడు అడిగితే ఏం చెప్పాలో తెలియక మళ్ళీ పెట్టేశాడు. ఆదివారం తెల్లవారగానే లేచి పొడుగు నాలుక జల్లెడ దించాడు. అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు, సందులు పూడ్చే సిలికాన్ గొట్టం కోసి పెట్టాడు, బోల్టులు నాలుగూ గుడ్డ మీద వరసగా పేర్చాడు. టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాడు. పది గంటలకు ఫోను మోగింది.

"అన్నయ్యా, ఇవాళ రావట్లేదు. ఇక్కడ శిబిరంలో ఒకాయన వేసేశాడు."

"ఏది వేశాడు?"

"పొడుగు నాలుకది. చూడగానే చెప్పేశాడు, ఈ అలలకి ఇదేనని. పావుగంట కూడా పట్టలేదు. నీ దగ్గరా ఉందిగా అది. వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నా."

జల్లెడాయన గుడ్డ మీది బోల్టుల వైపు చూశాడు.

"అందరి బండ్లూ ఒక్కసారి విని చెప్పేస్తావు. నా బండి దగ్గరికొచ్చేసరికి నెల గడిచినా తేలలేదు. నా మీద మనసు పెట్టలేదులే అన్నయ్యా. పెళ్ళప్పుడూ అంతేగా." కోపంగా అనలేదు. ఎండగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది, కోపానికి ఏదో ఒక జవాబు ఉంటుంది.

చెప్పాల్సింది పెద్ద కథేం కాదు. మొదటి రోజే తెలుసురా, చెప్తే మళ్ళీ రావని చెప్పలేదు. అంతే. జల్లెడాయనకు ఆ మాట గొంతుదాకా వచ్చింది. దాని వెనకే ఆ వాచిన పెదవి, రెండు కుట్లు కూడా వచ్చాయి. తమ్ముడు ఫోను పెట్టెయ్యలేదు. అటునుంచి గాలి చప్పుడు, నీళ్ళ చప్పుడు వినిపిస్తున్నాయి. ఎదురుచూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఎంతసేపని చూస్తాడు? ఏదో ఒకటి అనాలి కాబట్టి జల్లెడాయన, ఈ ముప్ఫై ఏళ్ళూ నోటికి అలవాటైన మాటే అన్నాడు.

"మరి, ఇప్పుడు అలల్లో పట్టు నిలుస్తోందా?"

"నిలుస్తోంది" అన్నాడు తమ్ముడు. "బాగానే ఉంది."

"మోతేమైనా ఉందా?"

"లేదు."

ఇంతలో అటువైపు ఒక చిన్న గొంతు దగ్గరికి వచ్చింది. ముందు పళ్ళు లేక గాలి పోతున్న మాట. "నాన్నా, ఫోన్లో ఎవరు?"

"మెకానిక్ తల్లీ" అన్నాడు తమ్ముడు, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంచుకుని.